చూలై ఆఫీసు మేడమీద అతిథి గది

పోయిన నెల ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ చెన్నై పెరంబూరులోని మా ఇంటికి వచ్చింది. చూలైలోని మా పొదుపు పరపతి సంఘంలో ఒకప్పుడు నేను చేసిన పనికి ఆమెను కొత్తగా తీసుకున్నారట. విదేశీ సంఘాలతో మళ్ళీ రాకపోకలు మొదలుపెట్టాలని అనుకుంటున్నారు. "అంకుల్, ఈ జాబ్‌లో అసలు ఏం చెయ్యాల? ఆడ ఎవురికీ సరిగ్గా తెలీదు" అంది. ఏదో చెప్పి పంపాను. ఆమె వెళ్ళాక ఆలోచిస్తే, నేను చెప్పినవన్నీ వీసా సంగతులు, సంతకాల సంగతులు అని తేలింది. అవి ఎవరైనా చెప్పగలరు. చెప్పవలసినది వేరే ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను.

పని

మా సంఘంలో సభ్యులు చూలై ప్రింటింగ్ ప్రెస్సుల వాళ్ళు, వడ్రంగులు, అట్టపెట్టెలు చేసేవాళ్ళు, టోకు కొట్లలో లెక్కలు రాసేవాళ్ళు, పెరంబూరు రైల్వే వర్క్‌షాపు వాళ్ళు. తలా కొంత దాచుకుని, అందులోంచే ఒకరికొకరు అప్పు ఇచ్చుకుంటారు. ఇలాంటి వాటిని బయటి దేశాల్లో క్రెడిట్ యూనియన్లు అంటారు. తొంభైల మొదట్లో, ఊరి పేరు ఇంకా మద్రాసుగానే ఉన్న రోజుల్లో, ఐర్లండు పడమటి తీరంలోని ఒక చిన్న ఊరి క్రెడిట్ యూనియన్‌తో మాకు ఒప్పందం కుదిరింది. వాళ్ళ మనిషి ఒకరు వచ్చి కొన్ని వారాలు మా దగ్గర ఉండి పని చూస్తారు. మా మనిషి ఒకరు అక్కడికి వెళ్ళి చూస్తారు.

నా హోదాకు పొడుగాటి పేరు ఒకటి ఉండేది. అసలు పని మాత్రం ఆఫీసు మేడమీద ఉన్న గది. ఒక మంచం, ఒక బల్ల, ఒక గ్యాసు పొయ్యి, వీధివైపు కిటికీ. కిటికీ తెరిస్తే కింద ప్రెస్సు చప్పుడు, మూస్తే ఉక్క. విదేశం నుంచి వచ్చిన మనిషి ఆ గదిలో ఉండగలిగితే ఒప్పందం నిలబడుతుంది, ఉండలేకపోతే నిలబడదు. ఈ విషయం మా పాలకవర్గం తీర్మానాల్లో ఎక్కడా కనిపించదు.

శాలువాలు

మా సెక్రటరీ వరదరాజులు నాయుడు గారు. నాలుగు తరాలుగా చూలైలో ఉన్న కుటుంబం. గొంతు పెద్దది. అతిథి అంటే ఆయనకు శాలువా. ఎండాకాలంలో వచ్చిన మొదటి అతిథి ఒక లావుపాటి పెద్దమనిషి. సన్మాన సభలో ఆయన భుజాలమీద శాలువాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

"రాఘవులూ, పెరంబూరు బ్రాంచోళ్ళ శాలువా యాడ? తీసుకురాపో."

"సార్, ఆయనకి చెమటలు కారిపోతా ఉండాయి" అన్నాను.

"కారనీలేవయ్యా. ఫోటో అయినంక తీసేస్తాడు. శాలువా వెయ్యలేదంటే పెరంబూరోళ్ళు నన్ను తీసేస్తారు."

సభ అయిపోయింది. అందరూ చేతులు కలిపి వెళ్ళిపోయారు. ఆ పెద్దమనిషి మేడెక్కి, శాలువాలన్నీ మంచంమీద పెట్టి, వాటి పక్కన కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళిన నేను చెంబు బల్లమీద పెట్టి దిగివచ్చాను. మర్నాటినుంచి ఆయన సాయంత్రాలు కిందికి దిగివచ్చి వాచ్‌మన్ పక్కన స్టూలుమీద కూర్చునేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. వీధిలో పోయేవాళ్ళను చూసేవారు. ఆయన వెళ్ళేటప్పుడు మా వాచ్‌మన్ ఒక్కడే ఏడ్చాడు.

సభలకు కావలసినంత మంది వస్తారు. సభ ముగిశాక సాయంత్రం మొదలవుతుంది. నీ పని ఆ సాయంత్రం.

నోరా ఇల్లు

తర్వాతి సంవత్సరం చలికాలంలో నన్ను ఐర్లండుకు పంపారు. నన్ను తమ ఇంట్లో పెట్టుకున్నది ఐలీన్ అనే అమ్మాయి. ముప్ఫై దాటి ఉంటుంది, అక్కడి క్రెడిట్ యూనియన్‌లో అప్పుల విభాగం చూసేది. ఇంట్లో ఆమె, ఆమె తల్లి నోరా, ఇద్దరే. నోరా భర్త పోయి చాలాకాలమైంది. ఆమె కూడా వారానికొకసారి యూనియన్ కౌంటరులో జీతం లేకుండా కూర్చునేది.

అక్కడ నేర్చుకున్న ఆఫీసు పద్ధతులు కొన్ని ఉన్నాయి. అవన్నీ కంప్యూటర్లతోపాటు మారిపోయాయి. మారనిది ఒకటే గుర్తుంది. మధ్యాహ్నం దాటితే చీకటి పడేది. వాన ఆగేది కాదు. వీధిలో మనిషి కనబడేవాడు కాదు. పెట్టెలో పెట్టుకెళ్ళిన తెలుగు పుస్తకాలు అయిపోయాయి, మళ్ళీ చదివాను, మళ్ళీ అయిపోయాయి. తెలుగులో ఆలోచిస్తూ ఇంగ్లీషులో జవాబు చెప్పే మనిషికి సాయంత్రానికల్లా నోరు బరువెక్కుతుంది. నోరాకు అది తెలిసినట్టుంది. నన్ను ఏమీ అడిగేది కాదు. టీ పెట్టి, పక్కన కూర్చుని స్వెట్టరు అల్లుకునేది.

ఒకరోజు వాళ్ళ పక్కవీధిలో ఒక ముసలాయన పోయాడు. నోరా నన్ను వెంట తీసుకెళ్ళింది. అక్కడ శవాన్ని ఇంట్లోనే ఉంచి ఊరంతా వచ్చి చూస్తారు. వచ్చిన ప్రతివాడూ ఇంటివాళ్ళకు చెయ్యి ఇచ్చి, "మీ కష్టానికి నాకు బాధగా ఉంది" అనే ఒకే మాట చెబుతాడు. తర్వాత అందరికీ టీ, రొట్టెముక్కలు ఇస్తారు. అవి తీసుకోవడం చనిపోయిన మనిషికి చేసే మర్యాద. తీసుకోకపోతే ఇంటివాళ్ళ మనసు నొచ్చుకుంటుంది.

మనవాళ్ళలో చావింట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని నాకు చిన్నప్పటినుంచీ నేర్పారు. కప్పు నా చేతికి ఇచ్చారు. పట్టుకున్నాను. తాగలేకపోయాను, కింద పెట్టలేకపోయాను. పక్కగదిలో శవం ఉంది. కాసేపటికి నోరా వచ్చి నా పక్కన నిలబడింది. ఎవరితోనో మాట్లాడుతూనే నా చేతిలోని నిండు కప్పు తీసుకుని, తన ఖాళీ కప్పు నా చేతిలో పెట్టింది. నా టీ ఆమె తాగింది. ఎవరూ చూడలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆమె నాతో ఆ సంగతి ఎత్తలేదు. 

అతిథిని చూసుకోవడం గురించి నాకు ఎవరైనా పాఠం చెప్పారంటే అది అదే.

ఫ్యాక్స్

ఆ మరుసటి సంవత్సరం ఐలీన్ మా దగ్గరికి వచ్చింది. మా సుశీల, అంటే నా భార్య, ఆమెను మా ఇంటికి రెండుసార్లు భోజనానికి పిలిచింది. సుశీల బడిలో తెలుగు పంతులమ్మ. ఇంగ్లీషు చదవగలదు, మాట్లాడటం రాదు, మాట్లాడాలంటే సిగ్గు. "ఇంకొంచెం వేసుకోండి" అన్నది మాత్రం వడ్డన గరిటెతో చెప్పేది.

ఐలీన్ వచ్చి పది పదిహేను రోజులు అయి ఉంటుంది. ఉదయం ఆఫీసుకు వెళ్ళేసరికి నాయుడు గారు ఫ్యాక్స్ మిషను పక్కన నిలబడి ఉన్నారు. నోరా పోయింది. నిద్రలోనే పోయింది.

నేను మేడెక్కి చెప్పాను. ఎలా చెప్పానో రాయను.

ఆమె ఐఎస్‌డీ బూత్ నుంచి, అక్కడ వేరే ఇంట్లో ఉంటున్న అన్నతో మాట్లాడింది. మద్రాసు నుంచి బొంబాయి, అక్కడినుంచి లండన్, ఆ తర్వాత ఇంకో విమానం, ఆపైన బస్సు. టికెట్లు దొరికినా ఖననం వేళకు చేరదు. వచ్చేసరికి అంతా అయిపోతుంది, తొందరపడి రావద్దు, దొరికినప్పుడు రా అని అన్న చెప్పాడు. ఆమె బూత్ మెట్లమీద కూర్చుంది. తల్లిని పాతిపెడుతుంటే తను ఈ వీధిలో, ఈ ఎండలో ఉంటుంది. ఆ మాటే రెండుసార్లు అంది. అప్పుడు నా భయం కూడా అదొక్కటే. ఆ వేళకు ఆమె ఒంటరిగా ఉండకూడదు.

మా అధ్యక్షుడు సంతాపసభ పెడదామన్నాడు. మైకు, పూలదండ వేసిన ఫోటో. నాయుడు గారు ఆయన మాట తోసేశారు. శాలువాల మనిషి అలా అంటారని నేను అనుకోలేదు.

"సభ వద్దు, గిభ వద్దు. తల్లి పోయిన బిడ్డ యాడ ఉంటే ఆడే చావిల్లు. రేపు సాయంత్రం ఆడ పాతిపెట్టే టయానికి మనోళ్ళు పదిమంది పైకి పోయి పలకరించి రావాల. ఆడోళ్ళు కూడా పోవాల. ఏం రాఘవులూ?"

"మంచిది సార్."

"నువ్వు మౌంట్ రోడ్డులో విమానాల ఆఫీసుకి పో. టికెట్టు సంగతి తేల్చుకుని రా. ఆ పిల్ల ఎంత సీక్రం పోగలిగితే అంత మంచిది."

చల్లారిన కప్పులు

టికెట్టు ఆ రోజు తేలలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, విమానాల ఆఫీసునుంచి తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. చేతిలో మూడురోజుల తర్వాతి టికెట్టు ఉంది. మెట్లమీద మనవాళ్ళు ఎవరూ లేరు. తలుపు తీసే ఉంది.

బల్లమీద, కిటికీ గట్టుమీద, నేలమీద వరసగా టీ కప్పులు. కింద హోటలునుంచి, ప్రెస్సునుంచి అడిగి తెచ్చుకున్నట్టుంది, ఒకదానికొకటి పొంతన లేదు. అన్నీ నిండుగా ఉన్నాయి. పైన మీగడ తెట్టు కట్టింది. ఒక పళ్ళెంలో బిస్కెట్లు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఐలీన్ మంచంమీద పెట్టె తెరిచి బట్టలు సర్దుతోంది.

"నేను హోటలుకు వెళ్ళిపోతాను" అంది. "వీళ్ళకు నేను ఇక్కడ ఉండటం ఇష్టం లేదు."

ఏం జరిగిందో ఆమే చెప్పింది. అక్కడ అమ్మను తీసుకెళ్ళే వేళకు ఇక్కడ ఆమె పాలు తెప్పించి టీ పెట్టింది. వాళ్ళ ఇంట్లో అదే సమయంలో ఊరందరికీ టీ ఇస్తుంటారు కాబట్టి తనూ ఇక్కడ ఇస్తే అక్కడ ఉన్నట్టే అనుకుంది. మనవాళ్ళు వచ్చారు. ఆమె చెయ్యి చాపింది. ఎవరూ చెయ్యి కలపలేదు. నేలమీద కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. ఒక్కొక్కరికీ టీ అందించింది. ఎవరూ ముట్టలేదు. కాసేపయ్యాక ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆమెవైపు చూడకుండా, వెళ్ళొస్తామని ఒక్క మాటైనా చెప్పకుండా దిగిపోయారు.

"మా అమ్మ టీని పదిమంది వద్దన్నారు" అంది. ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. మనవాళ్ళు చేయవలసినదంతా చేశారు. చావింట్లో ఏమీ ముట్టలేదు, మైలలో ఉన్న మనిషిని తాకలేదు. పోయొస్తామని అనలేదు, ఎందుకంటే అలాంటి ఇంటికి మళ్ళీ రావలసిన పని ఎన్నడూ పడకూడదు. ఆమె కూడా చేయవలసినదంతా చేసింది. ఎవరూ తప్పు చేయలేదు. గది మాత్రం ఇలా మిగిలింది.

ఆమెకు చెప్పాను. వింది. తల ఊపింది. కానీ అర్థం కావడం వేరు. ఆ కప్పులు అలాగే ఉన్నాయి. తన తల్లి పేరున ఇచ్చినది ఒక్కరూ తీసుకోలేదన్న సంగతి నా వివరణతో పోలేదు. నేను ఒక కప్పు ఎత్తబోయాను. ఆమె, "ఆ చావింట్లో మీరు టీ తాగలేకపోయారని మా అమ్మ నాకు చెప్పింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. వద్దు" అంది.

పెట్టె సర్దొద్దని చెప్పి, ఆటో ఎక్కి పెరంబూరు వెళ్ళాను.

సుశీల ఆచారాల విషయంలో నాకన్నా గట్టిది. ఒక ఎండాకాలం తోటి పంతులమ్మ ఇంట్లో చావుకు వెళ్ళి, కళ్ళు తిరుగుతున్నా అక్కడ గుక్కెడు నీళ్ళు ముట్టకుండా ఇల్లు చేరిన మనిషి. నేను జరిగింది చెప్పాను గానీ, ఇలా చెయ్యమని అడగలేదు. ఆమె స్టవ్ ఆపింది.

"ఆమెకి టీ తాగేవాళ్ళు కావాల. అంతేగదండీ?"

"నీకు పట్టింపు కదా?"

"మన ఇంట్లో ఎవరన్నా పోతే మన పట్టింపు. ఈడ పోయింది వాళ్ళమ్మ. వాళ్ళ పట్టింపు నడవాల. వచ్చినంక తల మీద నీళ్ళు పోసుకుంటా, అయిపాయ. ఆ చెయ్యి కలిపి చెప్పే మాట ఏందో నాకు చెప్పండి."

ఆటోలో దారంతా ఆ ఒక్క ఇంగ్లీషు వాక్యం వల్లె వేసింది. నేను దిద్దుతున్నాను, ఆమె మళ్ళీ అంటోంది. ఆటో అతను అద్దంలోంచి చూసి, "ఏం సార్, అమ్మకి ఇంటర్వ్యూవా?" అన్నాడు.

"అట్లాంటిదే నాయనా, నిదానంగా పో. మరిచిపోతా" అంది సుశీల.

మేడెక్కాక ఆమె గుమ్మంలో ఆగలేదు. నేరుగా వెళ్ళి ఐలీన్ చెయ్యి పట్టుకుని ఆ వాక్యం చెప్పింది. మధ్యలో ఒక మాట జారిపోయింది. ఐలీన్ ఆ చేతిని వదల్లేదు. తర్వాత సుశీల కిటికీ గట్టుమీది కప్పు ఒకటి చూపించి, పొయ్యి చూపించింది. ఐలీన్ టీ వేడిచేసి ఇచ్చింది. సుశీల నేలమీద కూర్చుని, చివరిదాకా తాగి, ఖాళీ కప్పు చాపి ఇంకా కావాలన్నట్టు చూపింది. అప్పుడు ఐలీన్ ఏడ్చింది.

"మీరు కిందికి పోండి" అంది సుశీల నాతో.

వాచ్‌మన్ పక్కన స్టూలుమీద కూర్చున్నాను. పైనుంచి రెండు గొంతులు వినబడుతున్నాయి. ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు. చాలాసేపటికి సుశీల మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు, పోయొస్తానని అనలేదు. పైన ఐలీన్ రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఆమె కూడా చెయ్యి ఊపలేదు. అప్పటికి ఆమెకు తెలుసు.

"ఏం మాట్లాడుకున్నారు?" అని దారిలో అడిగాను.

"వాళ్ళమ్మ గురించి ఆమె చెప్పింది, మా అమ్మ గురించి నేను చెప్పినా. నాకు సగం తెలీలా. ఆమెకి ఏమీ తెలిసుండదు. బాగానే ఉండింది."

ఏం మిగిలింది

మర్నాడు నాయుడు గారికి కప్పుల సంగతి చెప్పాను. ఆయన తలపట్టుకున్నారు. "మనోళ్ళకి టీ ఇచ్చిందా? అయ్యో. ఎవుడూ నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పలేదా? పదిమంది పోయినారు, పదిమందీ మూగోళ్ళా?" తర్వాత తనే, "చావింట్లో ఏం చెప్తార్లే" అని సర్దుకున్నారు. ఆయన దగ్గర నేను పనిచేసినన్నాళ్ళూ ఆయనతో విసిగిపోయేవాణ్ణి. కానీ తల్లి పోయిన బిడ్డ ఎక్కడుంటే అక్కడే చావిల్లు అన్న మాట అధ్యక్షుడికి తట్టలేదు, నాకూ తట్టలేదు. పై అధికారుల్ని వాళ్ళ శాలువాలతో మాత్రమే తూచకూడదని తెలిసేసరికి నా ఉద్యోగం సగం అయిపోయింది.

ఒప్పందం ఏమైందని ఆ కొత్త అమ్మాయి అడిగింది. నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ కాలేదు. వాళ్ళ అప్పు ఫారాల నమూనా మేము కొన్నాళ్ళు వాడాం, తర్వాత మానేశాం. మా జామీను పద్ధతి వాళ్ళకు నచ్చింది గానీ వాళ్ళ చట్టానికి కుదరలేదు. అటు పాలకవర్గం మారింది, ఇటు ఖర్చు ఎందుకన్నారు. ఊరు చెన్నై అయ్యే వేళకు ఉత్తరాలు తగ్గాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. మేడమీది గదిలో పాత స్టేషనరీ పెట్టారు. ఇలాంటి ఒప్పందాలు చాలావరకు ఇలాగే ముగుస్తాయి. దానికి నిరాశపడనక్కరలేదు. ఇవి సంఘాలను కలుపుతాయని చెబుతారు. నేను చూసినంతవరకు కలిస్తే గిలిస్తే ఇద్దరు ముగ్గురు మనుషులు కలుస్తారు.

ఫోన్

ఆ దశాబ్దం చివర్లో సుశీల పోయింది. జబ్బు గురించి రాయను.

ఇల్లంతా మనుషులు వచ్చారు. బడి నుంచి, సంఘం నుంచి, వర్క్‌షాపు క్వార్టర్సు నుంచి. వచ్చి కూర్చున్నారు, లేచి వెళ్ళిపోయారు. అందరూ చేయవలసినట్టే చేశారు. ఒక్కొక్కరు చెప్పకుండా లేచి వెళుతుంటే ఇల్లు ఎలా ఖాళీ అవుతుందో గుమ్మానికి ఇవతల కూర్చుంటే గాని తెలియదు. ఆ రోజు ఐలీన్ గదిలో ఎక్కడ కూర్చుని ఆ వీపులు చూసి ఉంటుందో నాకు అప్పుడు కనబడింది.

నాయుడు గారు వెళ్ళాక కాసేపటికి ఫోన్ మోగింది. మా తమ్ముడు ఎత్తి, "ఫారిన్ కాల్ మాదిరి ఉండాది" అని నా చేతికి ఇచ్చాడు. ఆమెకు కబురు ఎవరు పంపారో అప్పుడు తెలియలేదు. నాయుడు గారే ఫ్యాక్స్ కొట్టించారని తర్వాత తెలిసింది.

"మీ కష్టానికి నాకు బాధగా ఉంది" అంది ఐలీన్.

ఆమె ఇంకేమీ అనలేదు. అంత దూరంనుంచి, అంత ఖర్చయ్యే లైనుమీద, ఆమె ఊపిరి మాత్రం వినబడుతోంది. మనవాళ్ళు వచ్చి నేలమీద కూర్చున్నట్టే కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. తర్వాత, వెళ్ళొస్తానన్న మాట లేకుండా, రిసీవరు పెట్టిన చప్పుడు వినబడింది.

నేను ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ఉండటం చూసి మా తమ్ముడు, "కట్ అయిపోయిందా అన్నా? ఉండు, మళ్ళీ చేస్తారు" అన్నాడు.

"కట్ కాలేదురా" అన్నాను. "పలకరించి వెళ్ళింది."